సర్ది గోలీలో ఏముంది? కైకిలోళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

వానలు పడి నాట్లు మొదలైనయంటే మన ఊళ్లల్లో రెండు దుకాణాలకు గిరాకీ పెరుగుతుంది. ఒకటి ఎరువుల దుకాణం, రెండోది మందుల దుకాణం. పొద్దంతా మోకాలి లోతు బురదలో వంగి నాటేసే ఆడకూలీలకు, నెత్తిన గోనెసంచి కప్పుకొని వానలో నారు మోసే మగకూలీలకు సర్ది, దగ్గు, ఒళ్లునొప్పులు రాక తప్పవు. మళ్లీ పత్తి ఏరే కాలంలో, ఆదిలాబాద్ చలి ఎముకలు కొరికే డిసెంబరు, జనవరి నెలల్లో అదే వరుస.

సర్దికి రెండు మూడు రోజులు ఇంటిపట్టున పండుకుంటే సగం తగ్గుతుందని అందరికీ తెలుసు. కానీ పండుకునేదెవరు? నెల జీతగాడికి సెలవు ఉంటుంది, సెలవుకు జీతం ఉంటుంది. కూలిమనిషి పండుకుంటే ఆ పూట కూలి పోతుంది. గుత్తకు నాటు పట్టిన ముఠాలో ఒక మనిషి తగ్గితే ఆ బరువు మిగతా ఆడోళ్ల నడుముల మీద పడుతుంది. అందుకే పొద్దున సద్ది కట్టుకునే ముందు కిరాణం కాడికి పోయి "ఒక సర్ది గోలి, ఒక నొప్పుల గోలి ఇయ్యి" అని అడిగి, చాయతో మింగి పొలం దారి పడుతున్నాం. ఆ గోలి మింగేది జబ్బు నయం కావడానికి కాదు, ఆ రోజు కూలి కాపాడుకోవడానికి. ఈ సంగతి ముందు ఒప్పుకుంటేనే మిగతాది మాట్లాడుకోగలం. గోలీలే మింగొద్దని కూలోళ్లకు ఉపదేశం చేయడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మింగే గోలీలో ఏముందో తెలుసుకొని మింగమని చెప్పడానికే.

సర్దిని చంపే గోలి లేదు

సర్ది, పడిశం అనేది కంటికి కనిపించని వైరస్ పని. దాన్ని చంపే గోలి ఏ కంపెనీ దగ్గరా లేదు. వారం పది రోజుల్లో ఒంట్లోని శక్తే దాన్ని వెళ్లగొడుతుంది. ఫ్లూ జరం ముదిరిన వాళ్లకు, ముసలివాళ్లకు, గర్భిణులకు డాక్టర్లు రాసే మందు వేరే ఉంది కానీ అది కిరాణంలో అడిగి కొనేది కాదు. ఇక మన ఊళ్లల్లో సర్దికి కూడా రెండు రోజులు వాడి వదిలేసే యాంటీబయాటిక్ గోలీలున్నాయి కదా, అవి సర్ది మీద ఏమీ పనిచేయవు. అవి బ్యాక్టీరియా అనే వేరే రకం సూక్ష్మజీవుల మీద వాడేవి. అవసరం లేనప్పుడు సగం సగం మింగితే, రేపు నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు అదే గోలి పనిచేయకుండా పోతుంది. అట్ట వెనుక నిలువుగా ఎర్రగీత కనిపిస్తే అది డాక్టరు చీటీ మీదనే అమ్మాల్సిన మందని గుర్తు.

మరి సర్ది గోలి చేసేదేమిటి? జరాన్ని దించుతుంది, ముక్కు కారుడును కొంత ఆపుతుంది, నొప్పి తెలియకుండా చేస్తుంది. అంతే. కిరాణంలో "సర్ది గోలి" అని అడిగితే ఇచ్చేదాంట్లో సాధారణంగా మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి. పారాసెటమాల్ అనేది జరానికి, నొప్పికి. క్లోర్‌ఫెనిరమిన్ అనేది ముక్కు కారుడుకు, తుమ్ములకు. నిద్రమబ్బు తెచ్చేది ఇదే. ఫినైలెఫ్రిన్ అనేది ముక్కు దిబ్బడ విడిపించడానికని వేస్తారు. కొన్నింట్లో కెఫిన్ కూడా ఉంటుంది. కెఫిన్ అంటే మరేం కాదు, మనం తాగే చాయలో ఉండేదే. చాయతో కెఫిన్ గోలి మింగడమంటే రోకలితో పాటు పచ్చడి బండ కూడా మోసుకుపోవడమే.

వీటిలో ఫినైలెఫ్రిన్ సంగతి వినదగ్గది. నోటితో మింగితే అది ముక్కు దిబ్బడకు పనిచేయడం లేదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ సలహా నిపుణులు తేల్చారు. 2024 నవంబరులో ఆ సంస్థే దాన్ని దుకాణాల్లో నేరుగా అమ్మే గోలీల నుంచి తీసేయాలని ప్రతిపాదించింది. ముక్కుకు పనికిరాని మందు రక్తపోటు ఉన్నవాళ్లకు మాత్రం మంచిది కాదు. అయినా గోలీలో ఎందుకుంటుంది? నాలుగు మందులు కలిపితే కొత్త పేరు పెట్టవచ్చు, కొత్త పేరుకు కొత్త ధర కట్టవచ్చు. ఒంటి పారాసెటమాల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఉంటుంది. దానికి ఇంకో రెండు కలిపి ఆ పట్టు నుంచి జారిపోవడం మందుల కంపెనీలకు పాత విద్య. 1975లోనే హాథీ కమిటీ మందులకు కంపెనీ పేర్లు క్రమంగా తీసేసి అసలు పేర్లతోనే అమ్మించాలని చెప్పింది. యాభై ఏళ్లు గడిచాయి. 2016 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 344 కలగలుపు మందులను ఒక్కసారి నిషేధించింది. అందులో ఇంటింటికీ తెలిసిన సర్ది, దగ్గు మందులు చాలా ఉన్నాయి. కంపెనీలు కోర్టుకు పోయి ఆ నిషేధాన్ని కొట్టివేయించుకున్నాయి. సుప్రీంకోర్టు దాకా పోయి, మళ్లీ నిపుణులు పరిశీలించి, 2018 సెప్టెంబరులో 328 మందులను తిరిగి నిషేధించేసరికి రెండున్నరేళ్లు పట్టింది. ఆ రెండున్నరేళ్లూ ఆ గోలీలు మింగినోళ్లెవరో చెప్పనక్కర లేదు.

పేర్లు పది, మందు ఒక్కటే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇంటికొకరు గల్ఫుకు పోయినోళ్లే. తిరిగి వచ్చేటప్పుడు అత్తర్లు, దుప్పట్లతో పాటు పెనడాల్ గోలీల పెట్టె తెస్తారు. "దుబాయి గోలి, మన గోలి కన్నా పవరు" అని పక్కింటోళ్లకు పంచుతారు. ఆ పెనడాల్, మన దుకాణంలో దొరికే క్రోసిన్, కాల్పాల్, డోలో, ప్రభుత్వ దవాఖానాలో ఉట్టిగా ఇచ్చే తెల్లగోలి అన్నీ ఒకటే మందు, పారాసెటమాల్. సముద్రం దాటితే దాని పవరు పెరగదు.

ప్రమాదమంతా ఇక్కడే ఉంది. జరానికని డోలో వేసుకుంటాం. ముక్కు కారుతుందని సర్ది గోలి వేసుకుంటాం. అందులోనూ పారాసెటమాలే. రాత్రి ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చిన పొట్లంలో ఇంకో రెండు. మనకు తెలియకుండానే ఒకటే మందు మూడింతలు కడుపులో పడుతుంది. పారాసెటమాల్ లెక్కలో ఉంటే మంచి మందే, లెక్క తప్పితే కాలేయాన్ని తింటుంది. ఆ దెబ్బ వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులు మనిషి బాగానే తిరుగుతాడు.

లెక్క ఇది. పెద్దవాళ్లు 500 మిల్లీగ్రాముల గోలి ఒకటి గాని రెండు గాని వేసుకోవచ్చు. మళ్లీ వేసుకోవడానికి కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల్లో ఎనిమిది గోలీలు, అంటే 4 గ్రాములు దాటరాదు. 650 గోలి అయితే ఒకసారికి ఒక్కటే, ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు చాలు. సన్నగా బలహీనంగా ఉన్నవాళ్లు, కామెర్లు వచ్చి తగ్గినవాళ్లు, రోజూ తాగే అలవాటు ఉన్నవాళ్లు 500 గోలీలు రోజుకు నాలుగు దగ్గరే ఆగాలి.

తాగుడు మాట వచ్చింది కాబట్టి కల్లు సంగతి కూడా చెప్పుకుందాం. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, దుకాణంలో సీసాల్లో పోసే కల్లు వేరు. డైజీపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కల్లు తెలంగాణలో ఏళ్ల తరబడి ఆబ్కారీ వాళ్లకు పట్టుబడుతూనే ఉంది. సర్ది గోలీలోని క్లోర్‌ఫెనిరమిన్ కూడా మత్తు తెచ్చేదే. పొద్దుమూకి సర్ది గోలి మింగి, ఒంటినొప్పులు పోవాలని రెండు సీసాల కల్లు పోసుకుంటే రెండు మత్తులు కలిసి ఊపిరి మందగిస్తుంది. అట్లా పండుకున్న మనిషి లేపితే లేవకపోతే "నిషాలో ఉన్నడు, పండనీ" అనుకొని వదలొద్దు. ఒక పక్కకు ఒత్తిగిల్లబెట్టి 108కు ఫోన్ చేయాలి.

కల్లు లేకున్నా ఆ మబ్బు తక్కువది కాదు. సర్ది గోలి వేసుకొని తాటిచెట్టు ఎక్కే గౌడన్న, హార్వెస్టరు వెనుక నడిచే కూలి, ట్రాక్టరు నడిపే పిల్లగాడు, అర్ధరాత్రి కరెంటు వస్తే మోటరు పెట్టడానికి బాయి కాడికి పోయే రైతు, వీళ్లందరికీ రెప్పపాటు మబ్బు చాలు. ఎక్కే పని, యంత్రం పని, కరెంటు పని ఉన్న రోజు ఈ గోలి ముట్టొద్దు. తప్పదనుకుంటే పని ముగిసి ఇల్లు చేరినంక రాత్రి వేసుకోవాలి. మూత్రం సరిగా పోని ముసలివాళ్లకు ఈ గోలి మూత్రాన్ని పూర్తిగా బంద్ పెట్టగలదు, పైలం.

నొప్పుల గోలి, సూది

సర్ది గోలీతో జతగా అడిగేది ఒళ్లునొప్పుల గోలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ వంటివి ఈ జాతి. "సూది ఏస్తేనే తగ్గుతది" అనే మన నమ్మకానికి తగ్గట్టు డైక్లోఫెనాక్ సూది కూడా. ఖాళీ కడుపున మింగితే కడుపులో పుండు పడుతుంది, రక్తం కక్కేదాకా పోతుంది. అంతకన్నా తెలియని సంగతి మూత్రపిండాలది. ఎర్రటి ఎండలో చెమటలు కక్కుతూ, నీళ్లు చాలక పనిచేసే మనిషి ఈ గోలీలు రోజూ మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వరాదని 2011లోనే నిషేధం వచ్చింది. గర్భిణులు నాలుగైదు నెలలు దాటిన తర్వాత ఈ జాతి మందులు డాక్టరు చెప్పకుండా అసలు ముట్టరాదు.

ఆదిలాబాద్ వాళ్లకు ఈ మందు సంగతి చెప్పడానికి ఒక సాక్ష్యం ఉంది. బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టుకున్నాయి. ఒకప్పుడు ఊరూరా పశువుల కళేబరాల మీద వాలిన రాబందులు దేశమంతా ఎందుకు మాయమయ్యాయని పరిశోధిస్తే, పశువులకు నొప్పికని వేసిన డైక్లోఫెనాక్ సూది కారణమని తేలింది. ఆ పశువు చచ్చిన తర్వాత దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చచ్చింది. 2006లో పశువులకు ఆ మందు బంద్ పెట్టారు. మనిషి రాబందు కాదు, అంత తొందరగా పడిపోడు, నిజమే. కానీ ఏ అవయవం మీద దెబ్బ పడుతుందో మాత్రం రాబందు చూపించిపోయింది.

"విషజరం" అనే జబ్బు లేదు

ఉట్నూరు, నార్నూరు, జైనూరు, తిర్యాణి వైపు వానకాలంలో జరాలు వస్తే పత్రికలు "విషజ్వరాలు" అని రాస్తాయి. వైద్యశాస్త్రంలో ఆ పేరు గల జబ్బేదీ లేదు. దాని అసలు పేరు మలేరియా కావచ్చు, డెంగీ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు. పేరు తేల్చకుండా సర్ది గోలి వేసి జరం దించితే, జబ్బు లోపల పని చేసుకుంటూనే ఉంటుంది. మలేరియాలో ఫాల్సిపారం రకం మెదడుకు ఎక్కితే రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. అందుకని ఏజెన్సీలో జరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించాలి. ఆశా కార్యకర్త దగ్గర ఒక్క రక్తపు బొట్టుతో పావుగంటలో తేల్చే పట్టీలుంటాయి, పైసా ఖర్చు లేదు. లేకపోతే "ఎందుకు లేవు?" అని సబ్‌సెంటర్‌లో అడగడం సంఘం పని.

డెంగీ మైదానంలోనూ, ఏజెన్సీలోనూ ఉంది. డెంగీ జరంలో కీళ్లు, నడుము విరిగినట్టు నొస్తాయి కాబట్టి చెయ్యి ముందుగా నొప్పుల గోలి మీదకే పోతుంది. డెంగీలో రక్తం గడ్డకట్టే శక్తి తగ్గి ఉంటుంది. ఆ సమయంలో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ పడితే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. వానకాలం జరానికి, ఏ జరమో తేలేదాకా, ఒంటి పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకొని పది మందికి చెప్పినా చాలు. పిల్లలకు జరానికి ఆస్పిరిన్ అసలే ఇవ్వొద్దు; వైరస్ జరంలో అది మెదడునూ కాలేయాన్నీ చెడగొట్టగలదు.

మందు కొట్టినంక వచ్చే "సర్ది"

పత్తికి మందు కొట్టినోడు సాయంత్రం ఇంటికొచ్చి ముక్కు కారుతుంది, కళ్లు నీళ్లు కారుతున్నయి, తలనొప్పి అంటాడు. ఇంట్లోవాళ్లు సర్ది అనుకుంటారు. కాకపోవచ్చు. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి పురుగుమందులు చర్మం గుండా, ఊపిరి గుండా ఒంట్లోకి పోతే మొదటి గుర్తులు అవే. దానితో పాటు చొంగ కారడం, చెమటలు, వాంతి, ఛాతీ బిగపట్టడం, కంటిపాప సూదిమొనంత కావడం, కండరాలు ఎగరడం వస్తే అది విషమే. దానికి విరుగుడు సూది దవాఖానాలో ఉంటుంది, కిరాణంలో ఉండదు. సర్ది గోలి ఇచ్చి పండబెడితే ఆ మనిషిని పోగొట్టుకుంటాం.

2017లో పెన్‌గంగ అవతలి ఒడ్డున, మన ఆదిలాబాద్‌కు ఆనుకొని ఉన్న యవత్‌మాల్ జిల్లాలో ఇదే జరిగింది. పత్తి చేలల్లో మందు కొట్టిన రైతులు, కూలీలు వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు, 20 మందికి పైగా చనిపోయారు. అటూ ఇటూ నేల ఒకటే, పంట ఒకటే, డబ్బాలు అవే. మందు కొట్టినోడికి ముక్కు కారితే ముందు బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్లంతా కడగాలి. ఆ మందు డబ్బాను వెంట పట్టుకొని దవాఖానాకు ఉరకాలి. డబ్బా మీద పేరు చూస్తేనే డాక్టరుకు విరుగుడు తెలుస్తుంది. మందు కొట్టించుకున్న ఆసామి ఆ ఖర్చు భరించాలి. దీని మీద బేరం లేదు.

పిల్లల సిరప్పు

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన సంగతి. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో సర్ది, దగ్గు వచ్చిన పిల్లలకు కోల్డ్రిఫ్ అనే సిరప్పు తాపారు. కొద్ది రోజుల్లో పిల్లలకు మూత్రం ఆగిపోయింది. నాగపూర్ ఆస్పత్రులకు మోసుకొచ్చారు. మనం ఆదిలాబాద్ నుంచి పెద్ద జబ్బొస్తే పోయే నాగపూరే అది. 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది అయిదేళ్ల లోపువాళ్లే. తమిళనాడు ప్రభుత్వ ప్రయోగశాల పరీక్షిస్తే ఆ సిరప్పులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్టు తేలింది. ఉండదగ్గ హద్దు 0.1 శాతం. అంటే సీసాలో దాదాపు సగం విషమే. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా అక్టోబరు తొలివారంలోనే ఆ సిరప్పు వాడొద్దని హెచ్చరిక ఇచ్చింది.

విషం సిరప్పులోకి ఎట్లా వస్తుంది? మందు కరగడానికి గ్లిజరిన్ గాని, ప్రొపిలీన్ గ్లైకాల్ గాని వాడాలి. ఫ్యాక్టరీల్లో వాడే చవక రకం సరుకులో ఈ డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి ఉంటుంది. చూడటానికి అట్లాగే ఉంటుంది, తియ్యగా కూడా ఉంటుంది. తెచ్చిన ప్రతి పీపాను, తయారైన ప్రతి విడతను పరీక్షించాలని చట్టం. పరీక్షకు ఖర్చు. ఆ ఖర్చు మిగుల్చుకున్న చోటల్లా పిల్లలు పోయారు. 1937లో అమెరికాలో ఇదే విషంతో వందమందికి పైగా చనిపోయారు, దాంతోనే అక్కడ గట్టి మందుల చట్టం వచ్చింది. 1986లో బొంబాయి జేజే ఆస్పత్రిలో కల్తీ గ్లిజరిన్‌తో 14 మంది పోయారు. 2020లో జమ్ములోని రాంనగర్‌లో పసిపిల్లలు. 2022లో గాంబియా దేశంలో దాదాపు 70 మంది పిల్లల చావులకు మన దేశంలో తయారైన సిరప్పులతో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ప్రతిసారీ కొత్తగా జరిగినట్టు మాట్లాడతారు.

ఛింద్వాడా సిరప్పులో విషం లేకున్నా అది ఆ పసిపిల్లలకు పోయదగ్గది కాదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని, ఆ హెచ్చరిక అట్ట మీద వేయాలని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. పిల్లల చావుల తర్వాత 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఇంకో మాట చెప్పింది: రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, సర్ది మందులు రాయనే వద్దు, అయిదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా అవసరం లేదు. ఢిల్లీలో ఇచ్చిన ఆదేశం కెరమెరి కిరాణం దాకా నడిచి వస్తుందా? రాదు. కూలితల్లి దాకా మనమే తీసుకుపోవాలి.

మరి పసిపిల్లకు సర్ది అయితే ఏం చేయాలి? తల్లిపాలు ఎక్కువసార్లు ఇయ్యాలి. ముక్కు దిబ్బడకు ఉప్పునీళ్ల చుక్కలు ముక్కులో వేయవచ్చు, దవాఖానాలో అడిగితే చెబుతారు. ఏడాది దాటిన పిల్లకు దగ్గుకు అరచెంచా తేనె నాకిస్తే చాలా సిరప్పుల కన్నా మేలు. ఏడాది లోపు వాళ్లకు మాత్రం తేనె వద్దు. జరానికి పారాసెటమాల్ మందు బరువును బట్టి ఇస్తారు. ఎంత పోయాలో ఆశమ్మతోనో, నర్సమ్మతోనో చెప్పించుకోవాలి, సీసాతో వచ్చిన గిన్నెతోనే కొలవాలి. వంటింటి చెంచాలు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, వాటితో కొలత తప్పుతుంది. పెద్దోడికి తెచ్చిన సిరప్పు సగం చేసి చిన్నోడికి పోసే అలవాటు మానాలి.

రాసుకునే మందుల మాట కూడా. అమృతాంజనం 1893లో మొదలుపెట్టింది మన తెలుగాయన, ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులే. పెద్దవాళ్లు నుదుటికి, ఛాతీకి రాసుకుంటే హాయిగానే ఉంటుంది. కానీ రెండేళ్ల లోపు పిల్లలకు అమృతాంజనం, విక్స్, జండూబామ్ ఏవీ రాయొద్దు, ఎవరికైనా ముక్కు లోపల అసలే వద్దు. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి పసిపిల్లలకు రాసే అలవాటు మన దగ్గర ఉంది. ఆ కర్పూరం కొంచెం కడుపులో పడ్డా పిల్లకు ఫిట్స్ వస్తాయి. ఆవిరి పట్టడానికి మరిగే నీళ్ల గిన్నె ముందు పిల్లను కూచోబెడితే, దగ్గు తగ్గేది తర్వాత, గిన్నె తిరగబడి ఒళ్లు కాలడం ముందు.

దగ్గు వారాలు దాటితే

నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చేసే ఆడవాళ్లకు పొద్దంతా తంబాకు ధూళిలోనే బతుకు. దగ్గు వస్తే దగ్గు మందు సీసా కొంటారు, అయిపోతే ఇంకోటి. రెండు వారాలు దాటిన దగ్గు సిరప్పుతో పోయే దగ్గు కాదు. గల్ల పరీక్ష చేయించాలి. క్షయకు పరీక్ష, మందులు అన్నీ ప్రభుత్వ దవాఖానాలో ఉచితం. కొడీన్ కలిపిన దగ్గు మందులు మత్తుకు అలవాటు చేస్తాయి. గల్ఫుకు పోయే పిల్లగాండ్లు మరీ జాగ్రత్త. కొడీన్, ట్రామడాల్ ఉన్న మందులు ముందస్తు అనుమతి లేకుండా సంచిలో దొరికితే దుబాయి, అబుదాబీలలో జైలు దాకా పోతుంది.

అట్ట అడగండి

కిరాణంలో గోలి కత్తిరించి ఇస్తారు. మన చేతికొచ్చిన ముక్క మీద పేరుండదు, గడువు తేదీ ఉండదు. ఆర్‌ఎంపీ ఇచ్చే పొట్లంలో అసలు అట్టే ఉండదు, నాలుగు రంగుల గోలీలు మాత్రం ఉంటాయి. ఆ రంగుల్లో స్టెరాయిడ్ గోలి ఒకటి ఉందా లేదా మనకెట్లా తెలుస్తుంది? ఆర్‌ఎంపీలను తిట్టడం నాకిష్టం లేదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది వాళ్లే, అప్పు పెట్టేదీ వాళ్లే. అయినా "అన్నా, ఏం గోలి ఇస్తున్నవో పేరు రాసియ్యి, అట్ట చూపియ్యి" అని అడగడంలో తప్పు లేదు. ముఠా పెద్ద అడిగితే దుకాణదారు కూడా కాదనడు.

వెయ్యి లోపు జనాభా గల ఊళ్లల్లో పారాసెటమాల్, ఆస్పిరిన్ వంటి కొన్ని గృహవైద్యపు మందులను లైసెన్సు లేకుండా అమ్ముకునే వెసులుబాటు 1945 నాటి నిబంధనల్లో ఉంటూ వచ్చింది. దాన్ని అడ్డం పెట్టుకొని కిరాణాల్లో యాంటీబయాటిక్‌లు కూడా అమ్ముడుపోతున్నాయి. దవాఖానా దూరమైన ఊళ్లకు ఆ వెసులుబాటు అవసరమే. కానీ అమ్మే మందుల మీద రాత దాదాపు అంతా ఇంగ్లీషులో ఉంటే కొనేవాడికి దాని వల్ల ఏం లాభం? 2023 ఆగస్టు నుంచి పేరున్న 300 మందుల అట్టల మీద ఫోనుతో చూసే గళ్ల గుర్తు వేయాలని నిబంధన పెట్టారు. బటన్ ఫోను పట్టుకున్న కైకిలామెకు ఆ గళ్లు ముగ్గులాగ కనిపిస్తాయి. మందు అసలు పేరు, ఎవరికి వాడొద్దో ఆ హెచ్చరిక పెద్ద తెలుగు అక్షరాల్లో వేయించాలని అడగాలి. పల్లె దవాఖానాలో పారాసెటమాల్, మలేరియా పట్టీలు ఏడాది పొడుగునా ఉండాలని అడగాలి. జరమొచ్చిన కూలికి రెండు రోజుల కూలి దక్కాలనే డిమాండు కూడా వీటితో కలిసే ఉండాలి. అది లేనంత కాలం పొద్దున్నే కిరాణం కాడ వరుస తగ్గదు.

ఊరి శాఖలు ఈ నెల సమావేశంలో ఒక చిన్న పని పెట్టుకోవచ్చు. ప్రతి సభ్యుడూ ఇంట్లో ఉన్న గోలీలు, సీసాలు సంచిలో వేసుకొని రావాలి. చదువుకున్న పిల్లలతో పేర్లు చదివించాలి. ఏ ఏ గోలీల్లో పారాసెటమాల్ ఉందో ఒక పక్కన పెట్టాలి, గడువు దాటినవి ఒక పక్కన, పేరు లేనివి ఇంకో పక్కన. ఆశమ్మను కూడా పిలవాలి. మూడు కుప్పలు చూస్తే ఒక్కో ఇంట్లో ఎంత అయోమయం ఉందో అందరికీ కనిపిస్తుంది.

దవాఖానాకు ఎప్పుడు పోవాలంటే: జరం మూడో రోజు దాటినా, ఏజెన్సీలో అయితే మొదటి రోజే. పిల్ల డొక్కలెగరేసినా, పాలు తాగకపోయినా, సగం రోజు మూత్రం పోకపోయినా. జరం తగ్గాక కడుపులో గట్టి నొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా. కళ్లు పచ్చబడ్డా, మనిషి మగతగా పడి ఉన్నా. పోయేటప్పుడు మింగిన గోలి అట్ట, తాపిన సిరప్పు సీసా, అడుగున చుక్క మిగిలి ఉన్నా సరే, పారేయకుండా వెంట తీసుకుపోవాలి.